ఒక ఫైలూ, ఒక నవలా

మా ఇంట్లో ఒక టేబుల్ ఫ్యాను ఉంది. మా పెళ్ళికి మావారి మేనమామగారు చదివించినది. గాలి కన్నా దానికి చప్పుడెక్కువ. పాతసామాన్ల బండి వచ్చినప్పుడల్లా గుమ్మం దాకా మోసుకొస్తాను, మళ్ళీ తీసుకెళ్ళి లోపల పెడతాను. అది లేకపోతే ఎదురింటి బాబు ఊరుకోడు.

వాడికి ఐదేళ్ళు నిండాయి. సాయంత్రం నాలుగు కాగానే మా ఇంటికొస్తాడు. గుమ్మంలో ఎవరున్నారో చూడడు, పిలిస్తే పలకడు. తిన్నగా ఫ్యాను దగ్గరికెళ్ళి నిలబడి, అది తిరుగుతున్నంతసేపూ చేతులు రెండూ పిట్ట రెక్కల్లా ఆడిస్తూ చూస్తాడు. బిస్కెట్టు గుండ్రంగా ఉంటేనే తీసుకుంటాడు. నలుపలకలది ఇచ్చామా, దాన్ని నేల మీద పెట్టి, మనకేసి చూడకుండానే వెనక్కి తోసేస్తాడు. "అందులో సినిమా ఏమైనా వస్తోందిటే?" అని మొదట్లో విసుక్కున్న మా అత్తగారు ఇప్పుడు తానూ ఓ కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చుంటున్నారు. ఇద్దరూ మాట్లాడుకోరు. ఈ ఇంట్లో ఆవిడ మాట్లాడకుండా గడిపే అరగంట అదొక్కటే!

మేముండేది పటాన్‌చెరులో. హైవే దిగి రెండు సందులు తిరిగితే మా కాలనీ. సగం ఇళ్ళవాళ్ళు ఏదో ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీల వాళ్ళే. పొద్దున్న ఆరింటికి ఒక గుంపు టిఫిన్ డబ్బాలతో వెళ్తుంది, రాత్రి డ్యూటీ దిగిన గుంపు ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొస్తుంది. బాబు తండ్రి మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద ఆపరేటరు. తల్లి కూడా నిరుడు దాకా ఇంకో కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌కి వెళ్ళేది. కాలనీ మలుపులోకి కంపెనీ బస్సొచ్చేది. జడలో ఇంత మల్లెపూల దండ తురుముకుని, పరుగు పరుగున వెళ్ళి ఎక్కేది. ఉన్నట్టుండి మానేసింది. బస్సు దూరమైందేమో అనుకున్నాను, అడగలేదు.

వాడి సంగతి ముందుగా పసిగట్టింది తల్లీ కాదు, నాయనమ్మా కాదు. నేనూ కాదు. మనుషుల మనసులు చదివి నవలలు రాస్తానని పేరున్నదాన్ని, రోజూ మా హాల్లో నిలబడే పిల్లాణ్ణి 'కాస్త మొండి' అనుకుని సరిపెట్టుకున్నాను. కనిపెట్టింది అంగన్‌వాడీ టీచరు. ఇరవై మంది పిల్లలకు గుడ్డు పెట్టి, బరువులు తూచి, రిజిస్టర్లు నింపే ఆవిడకి, ఈ ఒక్కడు పాట పాడితే తల తిప్పడనీ, చెంచాలన్నీ వరసగా పేర్చి ఒక్కటి జరిగినా నేల కేసి తల కొట్టుకుంటాడనీ కనిపించింది. వాళ్ళ కేంద్రానికి ఏడాదికి రెండుసార్లు డాక్టర్ల బండి వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళది. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషకాల కొరత, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ చూడటం వాళ్ళ పని. ఆ బండి వచ్చిన రోజు టీచరు బాబుని చెయ్యి పట్టుకుని ముందు నిలబెట్టింది. వాళ్ళు ఒక చీటీ రాసిచ్చారు. జిల్లా స్థాయిలో ఇలాంటి పిల్లల కోసం ఒక కేంద్రం ఉండాలన్నది ఆ పథకం ఏర్పాటు, 'డైక్' అంటారు. అక్కడికి వెళ్ళమని చీటీ.

ఆ చీటీ పట్టుకుని వచ్చింది బాబు తల్లి మా ఇంటికి. ఇంగ్లీషు చదివి చెప్పమని. చదివాను. 'ఆటిజం అనుమానం' అని ఉంది. తలెత్తి చూస్తే ఆ అమ్మాయి చీటీ వంక చూడటం లేదు, నా పుస్తకాల బీరువా వంక చూస్తోంది.

"అక్కా, మీ నవల చదివిన నేను. లైబ్రరీల దొరికింది. అండ్ల పిలగాడు మావాని లెక్కనే ఉంటడు గదా. తల్లి నౌకరి ఇడ్సిపెట్టి ఇంట్ల ఉంటే మాట్లాడిండు. నేన్ గూడ డ్యూటీ మానేసిన. పది నెల్లాయె. ఇంక మాట్లాడుతలేడు. ఇంకెన్ని దినాలు పడ్తదక్కా?"

ఏం చెప్పమంటారు! నా చేతిలో చీటీ వణికింది.

అది నా రెండో నవల. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. ఆఫీసుకెళ్ళే తల్లి, ఆయా చేతిలో పెరిగే కొడుకు, వాడికి మాట రాదు. ఆఖరి అధ్యాయంలో ఆవిడ రాజీనామా కాగితం ఇచ్చి, వానలో తడుస్తూ ఇంటికొచ్చి, వాణ్ణి గుండెలకు హత్తుకుంటుంది. వాడు 'అమ్మా' అంటాడు. సమాప్తం. ఆ నవలకి వచ్చినన్ని ఉత్తరాలు మరి దేనికీ రాలేదు. చదివి వెక్కి వెక్కి ఏడ్చామని రాశారు. నేనూ ఏడుస్తూనే రాశాను లెండి. ఆటిజం అన్న మాట అందులో ఎక్కడా లేదు. నాకప్పటికి ఆ మాట సరిగ్గా తెలియదు. కానీ ఆ జబ్బుకి నేనొక మందు రాసిపారేశాను, ఆ మందు వేసుకుని ఒక ఆడపిల్ల తన జీతం పోగొట్టుకుంది.

ఈ పాపం నేనొక్కదాన్నే చెయ్యలేదని తర్వాత చదువుకుంటే తెలిసింది. నన్ను మించినవాళ్ళు ఉన్నారు, పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ళు. ఇలాంటి పిల్లల గురించి 1925లోనే చక్కగా గమనించి రాసింది సోవియట్ దేశంలో ఒక ఆడ డాక్టరు, గ్రున్యా సుఖరేవా. ఆవిణ్ణి లోకం మరిచిపోయింది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి ఆ పేరు స్థిరపరిచాడు. ఆయనే ఈ పిల్లల తల్లిదండ్రులు చల్లని మనుషులనీ, మమతలు తక్కువనీ అన్నాడు. అది పాకి పాకి 'ఫ్రిజ్ లాంటి తల్లులు' అన్న మాటగా స్థిరపడింది. బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన 1967లో లావుపాటి పుస్తకమే రాసి తప్పంతా తల్లుల నెత్తిన రుద్దాడు. అంతకు ముందే 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, తనే అలాంటి కొడుకున్న తండ్రి, ఇది పుట్టుకతో మెదడు నిర్మాణంలో వచ్చే తేడా తప్ప పెంపకం దోషం కాదని ఆధారాలతో రాసినా చాలామంది వినలేదు. చివరికి 1969లో కానర్ తల్లిదండ్రుల సభలో నిలబడి మీ మీద ఏ నేరమూ లేదని ఒప్పుకోవలసి వచ్చింది. పాతికేళ్ళ పైన పట్టింది. ఆ పాతికేళ్ళలో ఎంతమంది తల్లులు ఏడ్చి ఉంటారో!

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. ఓపిగ్గా వింది. "గయితే డ్యూటీ మానకపోయినా అయిపోవు" అంది. అంతే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మర్నాటి నుంచీ నేను వాళ్ళ వెంట తిరగడం మొదలుపెట్టాను. నా వంతుగా ఇంగ్లీషు కాగితాలు నింపడం, క్యూలో నిలబడటం. మావారు "నువ్వు సోషల్ వర్కరువి ఎప్పుడయ్యావోయ్?" అన్నారు. జవాబు చెప్పలేదు.

ముందు ఫైలు సంగతి చెప్పాలి. బటన్ నొక్కితే మూతపడే ప్లాస్టిక్ ఫైలు. అందులో బాబు ఆధార్, తల్లిదండ్రుల ఆధార్‌లు, రేషన్ కార్డు, పుట్టిన సర్టిఫికెట్, ఫొటోలు, చీటీలు, వాటన్నిటికీ జిరాక్సులు. ఏ బల్ల దగ్గరికెళ్ళినా ఇంకొకటేదో తక్కువ. ఫైలు బటన్‌తో టిక్కుటిక్కుమని ఆడుకోవడం బాబుకి ఇష్టం కనుక సరిపోయింది.

ఇంకో తమాషా ఏమిటంటే, బల్ల మారినప్పుడల్లా బాబుకి పేరు మారుతుంది. ఒకచోట 'మందబుద్ధి' అన్నారు. మరోచోట 'దివ్యాంగుడు'. బడివాళ్ళకి 'ప్రత్యేక అవసరాల పిల్లవాడు'. దీనికీ చరిత్ర ఉంది. 1995లో వచ్చిన వికలాంగుల చట్టం ఏడు రకాలనే గుర్తించింది, అందులో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చినప్పుడు ఆ మాట చట్టంలోకెక్కింది గానీ, సర్టిఫికెట్ కావాలంటే చాలామంది తల్లులు మందబుద్ధి అనే రాయించుకోవలసి వచ్చేది. 2016 చట్టంతో ఏడు కాస్తా ఇరవై ఒకటయ్యాయి, ఆటిజం తన పేరుతో తాను వచ్చి కూర్చుంది. చట్టం ఢిల్లీలో మారినంత త్వరగా బల్లల దగ్గర నోళ్ళు మారతాయా?

సర్టిఫికెట్ కోసం ఒకప్పుడు సదరం అనేవారు, మీసేవలో స్లాటు తీసుకునేవాళ్ళం. ఇప్పుడు దేశమంతటికీ ఒకటే కార్డు, యూడీఐడీ. మా స్లాటు ఒక ప్రభుత్వాసుపత్రిలో, పొద్దున్న తొమ్మిదింటికి. ఏ ఆసుపత్రో వద్దులెండి, అన్నిచోట్లా ఆ బెంచీలే. పదకొండైంది. కర్రల మీద నిలబడ్డవాళ్ళు, చక్రాల కుర్చీల్లో ముసలివాళ్ళు, అందరూ ఓపిగ్గా ఉన్నారు. నెత్తి మీద ఒక ట్యూబ్‌లైటు గుయ్యిమంటోంది. మనకి వినపడదు, బాబుకి వినపడుతుంది. చెవులు మూసుకున్నాడు. తర్వాత మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. తర్వాత అరుపు. ఎలాంటి అరుపనుకున్నారు, కాలవరాన్ని కోసేసే అరుపు.

"రెండు తగిలించమ్మా, ఊరుకుంటాడు" అన్నాడొకాయన. "తల్లి భయం లేకపోతే ఇంతే" అంది ఇంకొకావిడ. వాచ్‌మన్ వచ్చి, పిల్లాడు నెమ్మదించాక లోపలికి రమ్మని బయటికి పంపాడు. బయటికి వెళ్తే పేరు పిలిచినప్పుడు వినపడదు, వినపడకపోతే మళ్ళీ ఇంకో తేదీ. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు రెండు గంటలు కదలకుండా బెంచీ మీద కూర్చోగలిగితే మేమసలు ఇక్కడికెందుకొస్తాం? ఆ మాటే వాచ్‌మన్‌తో అన్నాను. అతను పాపం తల గోక్కున్నాడు. "గది నిజమేనమ్మా" అన్నాడు. తర్వాత తనే లోపలికెళ్ళి, మమ్మల్ని రెండు నంబర్లు ముందు పంపించాడు. రూలు ప్రకారం కాదు, మనిషి ప్రకారం.

మా వెనక బెంచీలో ఒక బీహారీ అమ్మాయి కూర్చుంది. భర్తకి పాశమైలారంలో పని. చంకలో పిల్ల, చేతిలో వాళ్ళ జిల్లా ఆధార్ కార్డు. బల్ల దగ్గర ఏదో అన్నారు, ఆ అమ్మాయికి తెలుగు రాదు. నాకొచ్చిన ముక్కలు ముక్కల హిందీలో అడ్రసు మార్పించుకుని రమ్మంటున్నారని చెప్పాను. నెలకో షెడ్డు మారే వాళ్ళకి అడ్రసేమిటి? పిల్లని భుజం మీద వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ కనపడలేదు.

ఇక లోపల పరీక్ష. దానికి వాడే ప్రశ్నాపత్రం పేరు 'ఇసా'. పరాయిది కాదు, మన సికింద్రాబాదు బోయినపల్లిలోని జాతీయ సంస్థ తయారుచేసినదే. నలభై అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. మొత్తం డెబ్భైకి తగ్గితే ఆటిజం లేనట్టు. మార్కులు పెరిగేకొద్దీ తీవ్రత ఎక్కువ. పిల్లాడికి మార్కులెక్కువొచ్చాయంటే సంతోషించకూడని పరీక్ష ఇదొక్కటేనేమో!

ఆ అమ్మాయికి ఆ లెక్క ఎవరు చెప్పారు? వారం రోజులు కూర్చోబెట్టి వాడికి తర్ఫీదు ఇచ్చుకొచ్చింది. చెయ్యెత్తి నమస్తే పెట్టడం, ముక్కేదంటే ముక్కు చూపించడం. కొత్త చొక్కా, నుదుట బొట్టు.

"కళ్ళలోకి చూస్తాడామ్మా?" అని అడిగింది సైకాలజిస్టు.

"చూస్తడు మేడం. మంచిగ చూస్తడు."

"తనంతట తాను వచ్చి ఏదైనా అడుగుతాడా?"

"అడుగుతడు. అన్నీ అడుగుతడు."

నేను మోచేత్తో పొడిచాను. ఆ అమ్మాయి నా వైపు తిరగలేదు. ఆడపడుచుల ముందు, అత్తగారి ముందు, పక్కింటివాళ్ళ ముందు ఐదేళ్ళుగా కొడుకుని వెనకేసుకొచ్చిన నోరది. వాడికేమీ రాదని పరాయి మనిషితో చెప్పమంటే ఎలా తిరుగుతుంది? సైకాలజిస్టు చిన్నపిల్లే, పాతికేళ్ళుంటాయేమో. కలం కింద పెట్టింది. "అమ్మా, నేను బాబుని తప్పుపట్టడానికి అడగట్లేదు. వాడికి ఎక్కడ సాయం కావాలో తెలియాలి గదా. కష్టమైన రోజు ఎట్లా ఉంటాడో చెప్పు" అంది.

అప్పుడు చెప్పింది. అర్ధరాత్రి రెండింటికి లేచి నవ్వుతాడని, పండ్లు తోమబోతే కరుస్తాడని, కాలు కాలినా ఏడవలేదని, పొరుగూరి జాతరలో తప్పిపోతే పేరు చెప్పలేక గంటన్నర బస్టాండులో నిలబడి బస్సు చక్రాలు చూస్తూ ఉన్నాడని. ఎదురుగా ఉండి నేనే వీటిలో సగం ఎరగను. చెప్పినంతసేపూ బాబు వీపు నిమురుతూనే ఉంది, వాడు వింటాడేమో అన్నట్టు.

సర్టిఫికెట్ వచ్చింది. నలభై శాతం, ఆ పైన ఉంటే పింఛనుకి అర్హత, తెలంగాణలో 2023లో దాన్ని 4,016 రూపాయలకు పెంచారు. దరఖాస్తు పెట్టాం. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ అని ఒక ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. థెరపీ ఖర్చు కూడా అందులో పెట్టుకోవచ్చు. అయితే ముందు మనం కట్టి, బిల్లులు పంపి, డబ్బు తర్వాత తెచ్చుకోవాలి. ప్రైవేటులో మాకు చెప్పిన రేటు ముప్పావు గంటకి ఏడు వందలు. వారానికి మూడుసార్లంటే, లెక్క మీరే వేసుకోండి. కాంట్రాక్టు ఆపరేటరు ఎక్కడినుంచి తెచ్చి ముందు కడతాడు?

కాబట్టి బోయినపల్లి. 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా మొదలైంది, తర్వాత పేరు మార్చి నీపిడ్ అన్నారు. మా కాలనీ ఆటోడ్రైవరుకి మాత్రం ఇప్పటికీ 'మెంటల్ హాండిక్యాప్' అంటేనే తెలుస్తుంది. బాలానగర్ మీదుగా పోయే సికింద్రాబాదు బస్సెక్కితే పాతిక కిలోమీటర్ల పైచిలుకు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి బస్సు టిక్కెట్టు లేదు గదా, మా ఇద్దరికీ సున్నా టిక్కెట్టు, బాబుకి అరటిక్కెట్టు. మగవాడుగా పుట్టినందుకు ఇంటిల్లిపాదిలో వాడొక్కడే కట్టాలి! ఈ ఉచిత బస్సు లేకపోతే నెలకి నాలుగుసార్లు వెళ్ళడం ఈ ఇంటికి అయ్యేది కాదు. ప్రయాణం మాత్రం వాడికి పండగే, కిటికీ పక్క సీటు దొరికితే చక్రాలన్నీ వాడివే.

అక్కడ నాకు నచ్చిందేమంటే, పిల్లాణ్ణి లోపలికి తీసుకెళ్ళి తల్లిని బయట కూర్చోబెట్టలేదు. తల్లికే నేర్పారు. మాట రాకపోతే బొమ్మ చూపించి అడగడం, కావలసినదాని బొమ్మ ఇస్తేనే అది ఇవ్వడం, ఏ పని తర్వాత ఏ పనో గోడ మీద బొమ్మలుగా అంటించడం. ఇంటికొచ్చి ఆ అమ్మాయి పాత క్యాలెండర్ అట్టల మీద బొమ్మలు గీసింది. గ్లాసు, అన్నం గిన్నె, చెప్పులు, బస్సు. మా ఫ్యాను బొమ్మ మావారు వేశారు, ముచ్చటగా మూడు రెక్కలకి బదులు నాలుగు వేశారు. బాబు దాన్ని తీసుకోలేదు. మూడు రెక్కలతో మళ్ళీ వేస్తే తీసుకున్నాడు.

మిగతా రోజుల్లో దగ్గర్లో భవిత కేంద్రం. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద మండలాల్లో పెట్టినవి ఇవి. టీచరు, ఆటవస్తువులు, వారంలో ఒక రోజు ఫిజియోథెరపీ. ఉచితం. నడవలేని పిల్లలు, చూపు ఆనని పిల్లలు, మా బాబు లాంటివాళ్ళు అంతా ఒకే గదిలో. ఒక్క టీచరు ఎందరికని చేస్తుంది? అయినా 'నీ వంతు, నా వంతు' అని బంతి దొర్లించడం వాడికి నేర్పింది ఆవిడే. దానికి మూడు నెలలు పట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మా కాలనీవాళ్ళు నొచ్చుకుంటారు. వాళ్ళంతా ఇది కంపెనీ గాలి వల్లే అంటారు. నక్కవాగు ఏ రంగులో పారిందో, ఎన్ని ఊళ్ళ బావులు చెడిపోయాయో, సుప్రీంకోర్టు దాకా ఎలా వెళ్ళిందో తెలిసినవాళ్ళకి ఆ అనుమానం రాకపోతేనే వింత. కోపం న్యాయమైనదే. కానీ ఈ బాబు మెదడు ఇలా ఉండటానికి ఆ గాలే కారణమని తేల్చి చెప్పే ఆధారం మనకెవరికీ లేదు. తల్లి నెత్తిన వేసిన తప్పుని తీసి గాలి నెత్తిన వేసినంత మాత్రాన బాబుకి బొమ్మల అట్టలు తయారవవు. సెల్‌ఫోన్ అన్నారు, టీకా అన్నారు, గ్రహణం అన్నారు. వాళ్ళ నాయనమ్మ ఒక్కర్తే ఏ కారణమూ చెప్పదు. "మా మామ గూడ గిట్లనే ఉండె, నాగలి వట్టుకుంటే వదలకపోవు, ఎవ్వరితోని మాట్లాడకపోవు" అంటుంది. బోయినపల్లి డాక్టరు ఆ ముక్క జాగ్రత్తగా రాసుకున్నాడు, ఇది వంశంలో వచ్చే లక్షణమూ కావచ్చునని.

పోయిన నెల పబ్లిషర్‌గారు ఫోన్ చేశారు. నా రెండో నవల మళ్ళీ వేస్తారట, ఇంకా అడుగుతున్నారట. ఆఖరి అధ్యాయం మార్చాలండీ అన్నాను. "అమ్మా, జనం ఏడ్చేదే ఆ అధ్యాయానికి!" అని ఆయన కంగారుపడ్డారు. ఆ సాయంత్రం ఫ్యాను ముందు బాబు, కుర్చీలో అత్తగారు, నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆ అమ్మాయితో చెప్పాను, మారుద్దామనుకుంటున్నానని.

"ఏం మారుస్తరక్కా? పిలగాడు మాట్లాడకుంట చేస్తరా?"

"ఏమో. ఆలోచిస్తున్నాను."

కాసేపు చిక్కుడుకాయ తుంచుతూ కూర్చుంది. "పిలగాని సంగతి కాదు గని," అంది, "ఆమె మళ్ళ డ్యూటీకి పోయిందా? నౌకరి ఇడ్సిపెట్టిందిగదా, మళ్ళ ఇచ్చిండ్రా?"

పద్దెనిమిదేళ్ళుగా ఆ నవల గురించి వచ్చిన ఒక్క ఉత్తరంలోనూ ఎవరూ అడగని ప్రశ్న. నేనూ అడుక్కోలేదు. వాన పడింది, పిల్లాడు అమ్మా అన్నాడు, నేను కలం మూత పెట్టేశాను.

ఆ అమ్మాయి మాత్రం సూపర్‌వైజరుని కలిసొచ్చింది. జనరల్ షిఫ్టులో ప్యాకింగ్‌కే తీసుకుంటామన్నారట, పాత జీతం కన్నా కాస్త తక్కువకి. డ్యూటీలో చేరితే తన పేరు మీద ఈఎస్ఐ కార్డు మళ్ళీ వస్తుంది. పొద్దున్న నాయనమ్మ చూసుకుంటుంది, మధ్యాహ్నం భవిత, నాలుగింటికి ఎలాగూ మా ఫ్యాను. చిక్కల్లా బోయినపల్లి వెళ్ళే గురువారాలు. దానికి సెలవివ్వరు.

ఒకటో తారీకున కంపెనీ బస్సెక్కింది, జడలో పూలదండతో. ఎక్కబోతూ వెనక్కి వచ్చి ఫైలు నా చేతిలో పెట్టి, ఆధార్ జిరాక్సులు అయిపోయినయి అక్కా, నాలుగు తీయించుండ్రి, కిటికీ సీటు లేకపోతే ఇంకో బస్సు దాకా ఆగుండ్రి అని చెప్పి పరుగెత్తింది.